జయనగరము–బర్దిబాసు రైలుమార్గము
(ఉపన్యాస పాఠము)

బీహారులోని జయనగరమునుండి నేపాళమందలి జనకపురమునకు 1937లో న్యారోగేజి రైలు పడినది. పట్టాల వెడల్పు రెండున్నర అడుగులే యగుటచే, సరకునంతయు జయనగరమున దింపి మరల నెక్కింపవలసివచ్చెడిది. భారతప్రభుత్వ సాహాయ్యముతో దీనిని బ్రాడ్‌గేజిగా మార్చుటకై 2014లో బండ్లు నిలిపిరి. మంచిపనియే. కాని, 2020 సెప్టెంబరులో క్రొత్తబండ్లు చేరునప్పటికి నేపాళమున వానిని నడుపుటకు తగిన చట్టము లేదు, పనివారు లేరు! 2022 ఏప్రిల్ 2వ తేదీగాని కుర్తావరకు 35 కిలోమీటర్ల ప్రయాణము మొదలుకాలేదు. ఎనిమిదేండ్లు! సీతమ్మ పుట్టినింటికి బోవు యాత్రికులకును, సరిహద్దుకిరువైపుల చుట్టరికములుగల పేదలకును రైలు లేకపోయినది. పట్టాలకన్న కాగితములే మెల్లగా నడచినవని, న్యాయవాదవృత్తిలోనున్న మేము సిగ్గుతో నొప్పుకొనుచున్నాము. ఇది బర్దిబాసువరకు 69 కిలోమీటర్లుగా తలపెట్టిన మార్గము. ఆ కడపటి భాగమునకైనను, భూమి కోల్పోవు రైతునకు ముందు పరిహారము చెల్లించి, పిదప గునపము పట్టవలెనని మేము కోరుచున్నాము.