సాయం తగ్గడమే మార్కు
(ధర్మనిధి ఉపన్యాస పాఠం)

ఈ ధర్మనిధిని నెలకొల్పిన కుటుంబం నన్ను ఒక్కటే కోరింది: ఈ నిధి ఎవరి పేరిట ఉందో ఆ మాస్టారిని పొగడవద్దు, ఆయన చివరిదాకా పట్టించుకున్న పిల్లల గురించి చెప్పండి అని. అందుకే మేధోవైకల్యం తీవ్రంగా ఉన్న పిల్లల చదువును మన వికారాబాద్, తాండూరు బడుల్లో ఎట్లా కొలవాలన్న విషయాన్ని ఎంచుకున్నాను.

వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో అటువంటి బిడ్డను కొలుస్తూనే ఉన్నాం. 2018 నాటి మార్గదర్శకాలు వైకల్యం స్వల్పమైతే 50 శాతం, మధ్యస్థమైతే 75, తీవ్రమైతే 90, అతి తీవ్రమైతే 100 అని రాయమన్నాయి. పింఛనుకు ఆ కాగితం కావాలి, ఉండాల్సిందే. అయితే 90 అన్న అంకెను చూసి, రేపు పొద్దున ఈ బిడ్డకు ఏం నేర్పాలో ఏ టీచరూ చెప్పలేరు.

బడిలో ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షలు వస్తాయి. అందరి ప్రశ్నపత్రమే ఈ బిడ్డ ముందు పెడితే ఖాళీగా తిరిగొస్తుంది. పక్కవాళ్లు నింపితే రిజిస్టరులో మార్కులు పడతాయి గానీ బిడ్డకు ఏమొచ్చిందో ఎవరికీ తెలియదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ పరీక్షా విధానాన్ని పిల్లల అవసరానికి తగ్గట్టు మార్చాలంటుంది. అదనపు సమయం, రాసిపెట్టే సహాయకులు, రెండో మూడో భాషల మినహాయింపు అందులో చెప్పిన ఉదాహరణలు. చూపులేని విద్యార్థికి ఇవి ప్రాణం. కానీ భిన్నాలే అర్థంకాని బిడ్డకు ఎంత సమయమిచ్చి ఏం లాభం? వీళ్లకు పరీక్షే వేరుగా ఉండాలి.

అటువంటి పరీక్ష మనకు దగ్గర్లోనే తయారైంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం మొదలైన జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ, ఎఫ్ఏసీపీ అనే చెక్‌లిస్టును రూపొందించింది. సొంత పనులు, నలుగురితో మెలగడం, చదువు, వృత్తి, వినోదం అన్నీ అందులో ఉంటాయి. బిడ్డ ఒక పనిని చెయ్యి పట్టి చేయిస్తే చేస్తున్నాడా, నోటితో చెబితే చేస్తున్నాడా, అప్పుడప్పుడు సైగ చేస్తే సరిపోతుందా, తానుగా చేస్తున్నాడా అని గుర్తుపెడతారు. ఏడాది మొదట్లో చూస్తారు, మళ్లీ మూడు నెలలకోసారి చూస్తారు. 80 శాతం వస్తే పై స్థాయికి పంపుతారు.

తాండూరులో ఒక కిరాణా కొట్టు అనుకోండి. బిడ్డ కందిపప్పు కొనాలి. డబ్బులు పట్టుకుపోవాలి, కావలసింది వేలితో చూపించైనా అడగాలి, చిల్లర కోసం నిలబడాలి. జూన్‌లో అమ్మ చెయ్యి పట్టుకుంటే గానీ కదలని బిడ్డ, దసరా నాటికి "చిల్లర తీసుకో" అని గుర్తుచేస్తే ఆగుతున్నాడు. ఆ తగ్గిన సాయమే మార్కు. దాన్ని రాసుకోకపోతే ఒక ఏడాది చదువంతా గాలికి పోయినట్టే.

మన జిల్లాలో ఇంకో చిక్కుంది. కర్ణాటక సరిహద్దు గనక తాండూరు ఇళ్లలో కన్నడం, ఉర్దూ, లంబాడీ వినిపిస్తాయి. ఇంట్లో నీళ్లను పానీ అనే బిడ్డను పుస్తకాల తెలుగులో అడిగి, జవాబు రాలేదని సున్నా వేయడం అన్యాయం. ఇంటి భాషలోనే అడగాలి, అమ్మ చెప్పింది కూడా రాసుకోవాలి.

అందరి పరీక్ష నుంచి మినహాయింపు సులువుగా దొరికితే చదవగలిగే పిల్లలను కూడా ఈ వేరే పరీక్షలోకి నెట్టేస్తారన్న భయం నాకూ ఉంది. అమెరికాలో 1997 చట్టంతో ఇటువంటి ప్రత్యామ్నాయ పరీక్ష తప్పనిసరైంది. తర్వాత 2015 చట్టం, ఒక్కో సబ్జెక్టులో రాష్ట్రం మొత్తం మీద పరీక్షకు కూర్చునేవాళ్లలో 1 శాతానికి మించి అందులో ఉండరాదని హద్దు గీసింది. అంకె మనకు సరిపోతుందో లేదో గానీ, హద్దు మాత్రం అవసరం. వేరే పరీక్ష వేరే గదికి దారి కారాదు. ఆ బిడ్డ తన తరగతిలో, తన ఈడు పిల్లల పక్కనే కూర్చోవాలి.

మనుషులు చాలరన్నది నిజం. ప్రైమరీలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒక స్పెషల్ టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అంతమంది టీచర్లు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ప్రత్యేక అవసరాల పిల్లల భవిత కేంద్రంలో ఐఈఆర్పీ (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్) నింపిన ఎఫ్ఏసీపీ షీటును బడి ప్రోగ్రెస్ కార్డుకు జతచేసి, హెడ్‌మాస్టర్ సంతకం పెట్టి, ఒక ప్రతి తల్లిదండ్రులకు ఇవ్వవచ్చు. జూన్‌లో కొత్త క్లాసు టీచరు ఆ షీటు చదివాకే పాఠం మొదలుపెట్టాలి. ఈ సభలో విద్యాశాఖ అధికారులు ఉన్నారు. వికారాబాద్ మండలంలోనూ తాండూరు మండలంలోనూ వచ్చే విద్యా సంవత్సరం నుంచే దీన్ని మొదలుపెట్టమని వారిని అడుగుతున్నాను.