పొడి రంగు పరిశ్రమ – మన పిల్లల రోజీ
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. తెలుగులో నాలుగు మాటలు మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. తప్పులుంటే మన్నించగలరు. మాస్టరు కాబట్టి చదువు గురించి మాట్లాడతాడని మీరు అనుకుని ఉంటారు. నేను రంగు గురించి మాట్లాడదలచాను. అయితే చివరకు అది చదువు దగ్గరికే వస్తుంది.

మన మహల్లాల్లో బీరువాలు, గ్రిల్సు, ఇనుప మంచాలు చేసే షెడ్లు ఎన్ని ఉన్నాయో, స్ప్రే పెయింటింగు మీద బతికే కుటుంబాలు ఎన్నో మీకు తెలుసు. ఆ పని ప్రపంచమంతటా మారిపోతున్నది. థిన్నర్ కలిపిన తడి రంగు ఉన్న చోట్లకు పొడి రంగు వస్తున్నది. దీన్నే పౌడర్ కోటింగ్ అంటారు.

బడిలో నేను పిల్లలకు చిన్న ప్రయోగం చేసి చూపిస్తాను. పొడి జుట్టును దువ్వెనతో నాలుగుసార్లు దువ్వి, కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి దానికి అంటుకుంటాయి. పౌడర్ కోటింగ్ కిటుకు ఇదే. పిండిలాంటి రంగు పొడికి గన్నులో విద్యుదావేశం ఎక్కిస్తారు. ఎర్త్ చేసి వేలాడదీసిన ఇనుప వస్తువును ఆ పొడి అంటిపెట్టుకుంటుంది. తరువాత సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఓవెన్‌లో కాలిస్తే కరిగి, సమంగా పరుచుకుని, గట్టి పొర అవుతుంది. థిన్నర్ అవసరం లేదు. అంటకుండా కింద పడిన పొడిని కూడగట్టి, జల్లించి మళ్ళీ వాడుకోవచ్చు.

ఈ విద్య 1950ల మొదట్లో జర్మనీలో పుట్టింది. ఎర్విన్ గెమ్మర్ అనే ఆయన, గాలితో తేలియాడే ప్లాస్టిక్ పొడిలో వేడి వస్తువును ముంచి పూత పూసే పద్ధతి కనిపెట్టారు. 1960లలో విద్యుత్ గన్ను వాడకంలోకి వచ్చింది. అక్కడినుంచి పరిశ్రమ ఎందుకు ఇంతగా పెరిగిందంటే, ముఖ్యంగా గాలి గురించిన చట్టాల వల్ల. రంగు ఆరేటప్పుడు థిన్నర్ అంతా ఆవిరై గాలిలో కలుస్తుంది. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ 1966లోనే ఈ ఆవిరి మీద నిబంధన పెట్టింది. యూరప్ దేశాలు 1999లో కట్టుదిట్టమైన ఆదేశం తెచ్చాయి. మధ్యలో 1973లో చమురు ధరలు పెరిగి థిన్నర్ కూడా ప్రియమైంది. చట్టమూ, ఖర్చూ రెండూ కలిసి ఫ్యాక్టరీలను పొడి వైపు నెట్టాయి.

మొదట ఈ పరిశ్రమలో యూరప్ ముందుండేది. నేడు ప్రపంచంలో అన్నిటికంటె ఎక్కువ పొడి రంగు తయారు చేసేదీ, వాడేదీ చైనా. ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు, అల్యూమినియం కిటికీలు, కార్ల చక్రాలు, ఆఫీసు బల్లలు, భూమిలో వేసే గ్యాసు గొట్టాలు, ఇలా దాని వాడకం విస్తరించింది. వేడికి తట్టుకోలేని ఎం.డి.ఎఫ్. పలకల కోసం తక్కువ వేడిలో గట్టిపడే పొడులు కూడా వచ్చాయి. మన బీరువాల షెడ్ల దాకా ఈ గాలి వచ్చేసింది. అయితే భయపడనవసరం లేదు. గోడకు బిగించిన గేటును ఓవెన్‌లో పెట్టలేం. దెబ్బతిన్న కారుకు రిపేరు రంగు తడి రంగే. స్ప్రే పని పూర్తిగా పోదు గాని, కొత్త వస్తువుల మీద ఆ పని తగ్గుతుంది.

ఇప్పుడు అసలు విషయం మనవి చేస్తాను. నా దగ్గర ఎనిమిదో తరగతి దాకా చదివి మానేసిన కుర్రవాడు ఒకడు పౌడర్ కోటింగ్ షెడ్డులో పని చేస్తున్నాడు. ఒక సాయంత్రం రంగు పొడి డబ్బాలోని కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "మాస్టర్ సాబ్, ఇందులో ఏముందో చదివి చెప్పండి. బీరువాలకు వేసిన రంగు బాగానే ఉంటున్నది. మందపాటి గేట్లకు వేసింది పెచ్చులుగా రాలిపోతున్నది. సేఠ్ నా జీతంలో కోస్తున్నాడు" అన్నాడు.

చదివాను. 200 డిగ్రీలలో 10 నిమిషాలు అని ఉంది. పక్కనే ఇంకొక మాట ఉంది: లోహపు వేడి. అంటే ఓవెన్ తలుపు మూసినప్పటినుంచి కాదు, ఇనుము 200 డిగ్రీలకు చేరినప్పటినుంచి 10 నిమిషాలు లెక్క పెట్టాలి. పలుచని రేకు త్వరగా వేడెక్కుతుంది, మందపాటి ఇనుము ఆలస్యంగా వేడెక్కుతుంది. ఇక్కడ కూర్చున్న తల్లులకు ఇది సులభంగా అర్థమవుతుంది. గుడ్డు ఉడకడానికి నీళ్ళు మరిగినప్పటినుంచే కదా మీరు లెక్క పెడతారు! వీళ్ళు తలుపు మూయగానే గడియారం చూసేవారు. గేట్లు సగమే కాలేవి.

వారం తరువాత వచ్చి రంగు నిలిచిందని చెప్పాడు. కోసిన జీతం మాత్రం తిరిగి రాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ రెండు మాటలు చదవడం నేనే వాడికి నేర్పి ఉండవలసింది.

సోదరులారా, పాత పనిలో ఉస్తాద్ కన్ను చూసి చెప్పేది, షాగిర్ద్ చేయి నేర్చుకునేది. కొత్త పనిలో సగం విద్య కాగితం మీద ఉంది. ఎపాక్సీ పొడి ఎండలో పెడితే సుద్దలా వెలిసిపోతుంది, బయటి గేట్లకు పాలియెస్టర్ కావాలి. టి.జి.ఐ.సి. అనే గట్టిపరచే రసాయనాన్ని యూరప్ 1998లో విషపదార్థాల్లో చేర్చింది. ఇవన్నీ డబ్బా మీద, కాగితంలో ఉంటాయి. చదవలేనివాడు జీతం పోగొట్టుకుంటాడు, ఆరోగ్యమూ పోగొట్టుకుంటాడు. థిన్నర్ లేదు కదా అని మాస్కు లేకుండా పొడి పీల్చడం మంచిది కాదు. గాలిలో ఎక్కువగా ఎగిరే పొడికి నిప్పురవ్వ తగిలితే అంటుకుని పేలుతుంది కూడా.

కాబట్టి సంఘానికి నా విన్నపాలు మూడు. ఒకటి, మనం ఏటా నోటు పుస్తకాలు పంచుతున్నాం, సంతోషమే. దానితో బాటు పని చేసే కుర్రాళ్ళకు వారానికి రెండు సాయంత్రాలు ఇంగ్లీషు లేబుల్ చదవడం, డిగ్రీలు, శాతాలు లెక్కించడం నేర్పే తరగతి పెడదాం. నేను జీతం లేకుండా చెబుతాను. రెండు, మంచి మాస్కులు కొని ఇద్దాం. మూడు, ఓవెన్ ఒక్కడికి భారం. చిన్న షెడ్లవాళ్ళు నలుగురైదుగురు కలిసి ఒక ఓవెన్ పెట్టుకునేలా సంఘం మాట సాయం చేయాలి.

దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) ఇనుముతో కవచాలు చేసి, తమ చేతి కష్టం తిన్నారు. ఇనుము పని మనకు తక్కువ పని కాదు. గిరాకీ మనకు అప్పగించిన వస్తువు అమానత్. దాని మీది రంగు నిలవాలంటే దాన్ని వేసే పిల్లవాడు చదవగలగాలి. అల్లాహ్ మన పిల్లలకు హునర్‌తో బాటు ఇల్మ్ కూడా ప్రసాదించుగాక. ఆమీన్.