పంచాయతీ హద్దులో ఇల్లు – పర్మిషన్ సంగతి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్లం. ఇంజనీర్లం కాము, వకీళ్లం అంతకన్నా కాము. అయితే మనవాళ్లలో చాలామంది ఉర్దూ చదివినవారు. దస్తావేజు, నోటీసు తెలుగులో ఉంటాయి. అందుకని "మాస్టర్ సాబ్, ఇదేమిటో కాస్త చదివి చెప్పండి" అంటూ కాగితాలు పట్టుకొని మా దగ్గరికి వస్తుంటారు. అవి చదివి చదివి మాకు అర్థమైన నాలుగు మాటలు మీ ముందు పెట్టమని పెద్దలు ఆజ్ఞాపించారు.

పట్నంలో గజం ధర మనకు అందే రోజులు పోయాయి. గల్ఫులో పదేళ్లు కూడబెట్టిన సొమ్ము, రిటైరైనవారి గ్రాట్యుటీ, ఆడపిల్ల పెళ్లికని దాచినది, అన్నీ ఊరి బయట పంచాయతీ హద్దులో వంద గజాల ముక్కగా మారుతున్నాయి. అక్కడ దలాలు చెప్పే మాట ఒకటే: "పంచాయతీలో పర్మిషన్ ఎవరడుగుతారు భాయ్!" ఆ మాట అబద్ధం. మున్సిపాలిటీ లేని చోట చట్టం కూడా లేదనుకోవడం పొరపాటు. మన తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామంలోనైనా సరే అనుమతి లేనిదే ఇల్లు కట్టకూడదు.

మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఒక్క చోట. రిజిస్ట్రీ అయింది కదా, ఇక అన్నీ అయినట్లే అనుకుంటారు. రిజిస్ట్రేషన్ అంటే ఫలానా వ్యక్తి ఫలానా వ్యక్తికి అమ్మాడని సర్కారు పుస్తకంలో రాసుకోవడం. అమ్మినవాడికి హక్కు ఉందా, ఆ నేల మీద ఇల్లు కట్టవచ్చా, ఈ రెండూ అది చెప్పదు. నోటరీ కాగితమైతే అసలు అమ్మకమే కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 100 రూపాయలు, ఆపైన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావలసిందే.

ఇక ఇల్లు కట్టడానికి ఏమేమి కావాలి? మొదట ఆ భూమి సాగు భూమిగా ఉండకూడదు. వ్యవసాయేతర వినియోగానికి మార్పిడి జరిగి ఉండాలి. దానికి 2006 చట్టం ఉన్నది. గుంటల లెక్కన అమ్మే "ఫారం ప్లాట్లు" చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. గుంట అంటే 121 గజాలు. కొన్నవాడు ఇంటి స్థలమనుకుంటాడు, రికార్డులో అది పొలమే.

రెండవది లేఅవుట్. సర్పంచి సంతకం, ముద్ర వేసిన నక్షా చూపించి "జీపీ లేఅవుట్" అంటారు. పంచాయతీ తనంతట తాను లేఅవుట్ మంజూరు చేయడానికి వీలు లేదు. హైదరాబాదు చుట్టుపక్కలైతే హెచ్.ఎం.డి.ఏ., మిగతా చోట్ల నగర, గ్రామీణ ప్రణాళికా శాఖ, అంటే డి.టి.సి.పి., సాంకేతిక ఆమోదం ఇచ్చి ఉండాలి. ఆమోదం పొందిన లేఅవుట్‌లో రోడ్లు పోగా పదో వంతు ఖాళీ జాగా వదలాలి. రోడ్లు, కాలువలు పూర్తి చేసేదాకా అమ్మేవాడు 15 శాతం స్థలాన్ని తాకట్టు పెట్టాలి. కాబట్టి నెంబరు చూసుకోండి. మీకు అంటగట్టే ప్లాటు ఆ తాకట్టులో ఉన్నదేమో! 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్లకు 2016 నాటి రెరా చట్టం కింద నమోదు కూడా ఉండాలి.

మూడవది ఇంటి ప్లాను. చిన్న ఇల్లయితే పంచాయతీలోనే అనుమతి దొరుకుతుంది. స్థలం, ఎత్తు పరిమితి దాటితే పైశాఖ ఆమోదం కావాలి. ఇంటి నెంబరు, పన్ను రసీదు, కరెంటు మీటరు – వీటిలో ఏదీ అనుమతి కాదు. బ్యాంకుకు పోయి రసీదు చూపిస్తే లోను రాదు, మంజూరైన ప్లాను అడుగుతారు.

ఇంకో మోసం ఉంది. 2024లో ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరి 51 గ్రామ పంచాయతీలు మున్సిపాలిటీలలో కలిశాయి. ఇటువంటప్పుడు పాత తేదీ వేసి పంచాయతీ పర్మిషన్ అమ్మేవాళ్లు బయలుదేరుతారు. ఆ కాగితానికి ఆఫీసు రిజిస్టరులో నకలు ఉండదు. రేపు తనిఖీ వస్తే డబ్బు తీసుకొన్నవాడు కనబడడు, గోడ మాత్రం మనదే.

చెరువు సంగతి చెప్పనే అక్కరలేదు. 10 హెక్టార్లు, ఆపై చెరువులకు పూర్తి నీటిమట్టం హద్దు నుండి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు 9 మీటర్లు వదలాలని 2012 నాటి భవన నియమాలలోనే ఉన్నది. 2024లో హైదరాబాదులో హైడ్రా ఏర్పడిన తరువాత కూల్చిన ఇళ్లను అందరం చూశాము. అలాగే వక్ఫ్ భూమి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితా చూడకుండా బయానా ఇవ్వకండి. తెలిసి కొన్నా తెలియక కొన్నా అది మనవాళ్ల శ్మశానాల, మసీదుల సొత్తే.

ఇదివరకే కొన్నవారు ఏం చేయాలి? 2020 ఆగస్టు 26న అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపారు. ఆ నెలాఖరున క్రమబద్ధీకరణ పథకం, అంటే ఎల్.ఆర్.ఎస్., వచ్చింది. ఒక్క ప్లాటుకు దరఖాస్తు రుసుము 1,000 రూపాయలు. రాష్ట్రంలో 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఆ డిసెంబరులో, ఒకసారి రిజిస్టరైన ప్లాట్లను మళ్లీ అమ్ముకోవడానికి సడలింపు ఇచ్చారు. అక్కడే మనవాళ్లు పొరబడ్డారు. అమ్ముకోవడానికి దారి దొరికిందే గాని, ఇంటి అనుమతికి క్రమబద్ధీకరణ తప్పదు. ఖాళీ జాగా వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. 2025లో ఫీజులో 25 శాతం తగ్గించి గడువులు కూడా పొడిగించారు. దరఖాస్తు రసీదు పెట్టెలో దాచుకొని కూర్చున్నవారు ఆ ఫైలు ఎక్కడ ఉన్నదో రేపే వెళ్లి కనుక్కోండి. చెరువులో, సర్కారు భూమిలో ఉన్నవాటికి ఆ పథకం లేదు.

కడపట ఒక మనవి. మనవాళ్లు అడగడానికి మొహమాటపడతారు. అమ్మేవాడు తెలిసినవాడైతే కాగితం అడగడం అవమానమనుకుంటారు. పెళ్లి సంబంధానికి పది ఊళ్లలో వాకబు చేస్తాము. జీవితకాలపు సంపాదన పోసే చోట ఒక్క ఆఫీసుకు పోలేమా? సంఘం తరఫున నెలకు ఒక ఆదివారం కూర్చుందాం. రెవెన్యూలో పనిచేసి రిటైరైనవారొకరు, ఇంజనీరొకరు, తెలుగు కాగితం ఉర్దూలో చెప్పడానికి మావంటి మాస్టరొకరు ఉంటే చాలు. కాగితాలు చూపించుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఒక్క షరతు మాత్రం ఉన్నది: బయానా ఇచ్చిన తరువాత కాదు, ఇవ్వకముందే రండి.