కొమరయ్యకు ఆరేళ్ల ముందు: గడీల కాలపు హత్యలు

గురువుగారి స్మారకోపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటం గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయాన్ని గంటలో చెప్పలేను. రెండు హత్యల గురించి మాట్లాడతాను.

దొడ్డి కొమరయ్య పేరు మన పిల్లలకు కూడా తెలుసు. 1946 జులై 4న కడవెండిలో తూటాకు నేలకొరిగాడు. కానీ అదే తాలూకాలో, అదే విసునూరు దేశ్‌ముఖ్ ఏలుబడిలో, ఆరేళ్ల ముందే ఒక రైతు ప్రాణం పోయింది. ఆయన కామారెడ్డిగూడెం షేక్ బందగీ. ఆ రోజు 1940 జులై 27.

విసునూరు, కడవెండి, కామారెడ్డిగూడెం మూడూ అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోవే. విసునూరు రాపాక రామచంద్రారెడ్డికి 40,000 ఎకరాలు ఉండేవని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యగారు రాశారు. ఆ భూమి అంతా కొనుక్కున్నది కాదు. అప్పు కింద జమ చేసుకున్నది కొంత, పట్వారీ కలంతో పేరు మార్పించుకున్నది కొంత. దొర వాకిట చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ అందరూ వెట్టి చెయ్యాల్సిందే. అంతటి గడీకి, అంటే దొర కోటకు, ఒక సామాన్య రైతును చంపాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

ఎందుకంటే బందగీ కోర్టుకెళ్లాడు. ఆయన అన్నదమ్ముల్లోనే ఒకరిని దొర తనవైపు తిప్పుకొని భూమి తగాదా పెట్టించాడు. బందగీ కాళ్లు మొక్కలేదు, ఊరు విడిచీ పోలేదు. కాగితాలు పట్టుకొని జనగామకు తిరిగాడు. వాయిదా మీద వాయిదా, ప్రతి వాయిదాకూ పని చెడగొట్టుకొని నడక. చివరికి గెలిచాడు కూడా. గెలిచినందుకే ఆయన్ను దారికాచి చంపారు.

ఇక్కడే నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఉంది. గడీ మాట చెల్లినన్నాళ్లూ దొరకు కత్తితో పనిలేదు. గడీ కబురు మోసే సుంకరోడు వచ్చి దొర పిలుస్తున్నాడంటే చాలు, పంట కుప్ప మీదున్నవాడు కూడా దిగివచ్చేవాడు. బందగీ హత్య దొర బలానికి గుర్తని మనం రాస్తూ వచ్చాం. నాకు అది దొర పట్టు సడలుతున్నదనడానికి తొలి సాక్ష్యంగా కనిపిస్తుంది. ఊరి మనిషి ఒకడు ఊరి దొరను కాదని ఊరి బయటి న్యాయాన్ని వెతుక్కున్నాడు. గడీ ఆ ధైర్యాన్ని సహించలేకపోయింది.

మరి 1940లో ఊళ్లు ఎందుకు కదలలేదు? జనానికి కోపం లేక కాదు. ఆ కోపానికి కూడుకునే చోటు లేదు. ఆ చోటు తర్వాత వచ్చింది. 1944లో భువనగిరి మహాసభ తర్వాత ఆంధ్రమహాసభ పల్లెల్లో ‘సంఘం’ అయింది. పాలకుర్తి ఐలమ్మ పంటను దొర మనుషులకు దక్కనివ్వకుండా కాపాడి ఇంటికి చేర్చింది ఈ సంఘమే.

కడవెండిలో ఉన్నది దొర తల్లి జానమ్మ గడీ. 1946 జులై 4న కర్రలు పట్టుకొని, నినాదాలిస్తూ ఊరేగింపు గడీ ముందుకొచ్చింది. తుపాకులు పేలాయి. దొడ్డి మల్లయ్యకు గాయమైంది, తమ్ముడు కొమరయ్య అక్కడికక్కడే పడిపోయాడు. కురుమ ఇంటి పిల్లవాడు. జనం చెదిరిపోలేదు, గడీ మీదికే తిరిగారు. చంపినవాళ్లు పారిపోవాల్సి వచ్చింది. శవయాత్రకు ఊళ్లకు ఊళ్లు కదిలాయి. అక్కడి నుంచి పోరాటం నల్లగొండ, వరంగల్, ఖమ్మం పల్లెలకు పాకింది.

పాలమూరు కథ వేరు. అక్కడ గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల నీడ ఎక్కువ, సంఘం వేళ్లు అంత లోతుకు దిగలేదు. అయినా 1947 అక్టోబరులో అప్పంపల్లిలో జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే ప్రాణాలు పోయాయి. ఆ పల్లెకు మన పుస్తకాల్లో రావలసినంత చోటు రాలేదు. ఇది నాకు చాలా బాధ.

ఇంకో సంగతి దాచడం గురువుగారికి నచ్చేది కాదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం నిజాం మీద జరిపిన పోలీసు చర్య తర్వాత దేశ్‌ముఖ్ కొడుకు బాబూ దొరను జనగామ రైల్వే స్టేషన్ దగ్గర జనం చంపారు. ఆయన చేసిన అఘాయిత్యాలు చిన్నవి కావు. అయినా విచారణ లేని చావు అది. తర్వాత 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా సైన్యం చేతుల్లో రైతులూ, సంఘం దళాల చేతుల్లో దొరల మనుషులూ చనిపోయారు. రెండు లెక్కలూ రాయాలి. బందగీ కోర్టు మెట్లెక్కింది ఈ చంపుకొనే దారి అవసరం రాకూడదనే అని నేను నమ్ముతాను.

‘మా భూమి’ నాటకం 1947లో బందగీని ఊరూరా బతికించింది. కానీ నాటకంలోని బందగీ తెలిసినంతగా కోర్టుకెళ్లిన బందగీ మనకు తెలియదు. నిజాం కాలపు కోర్టు కాగితాలు ఉర్దూలో నడిచాయి. ఈ సభలో ఉర్దూ చదవగలిగిన విద్యార్థులున్నారు. తార్నాకలోని రాష్ట్ర పత్రాగారానికి వెళ్లండి, జనగామ తాలూకా భూమి తగాదాల కట్టలు అడగండి. అర్జీలో ఆయన ఏమని రాయించాడో, దొర తరఫు వకీలు ఏమని బదులిచ్చాడో వెతకండి. దొరికింది దొరికినట్టు తెలుగులోకి తెచ్చి వచ్చే ఏడాది ఈ వేదిక మీదే చదవండి.