“ఊట్జ్” మన ఉక్కే
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఆంగ్ల నిఘంటువులలో “ఊట్జ్” అను పదమొకటి కలదు. లోహశాస్త్రము చదివినవారికి తప్ప ఆంగ్లేయులకు సైతము అది అంతగా తెలియదు. మూసలో కరగించి చేసిన హిందూదేశపు ఉక్కు అని దాని యర్థము. సరకే కాదు, మాటయు మనదే. పాలకీడు రైతు కొలిమికడ కఱ్ఱు సాగగొట్టించుకొనుచు పలుకు “వుక్కు” అదియే.

1794లో హెలీనస్ స్కాట్ అను వైద్యుడు బొంబాయి నుండి కొన్ని ఉక్కుముద్దలను లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడగు జోసెఫ్ బ్యాంక్సునకు పంపెను. వానిని పరీక్షించి జార్జి పియర్సన్ 1795లో ఒక వ్యాసము ప్రకటించెను. వ్యాసము శీర్షికలోనే అది బొంబాయిలో తయారగు ఉక్కని యున్నది! రేవుపట్టణము పేరు సరకునకు అంటుకొన్నది కాబోలు.

మరి “వుక్కు” “ఊట్జ్” ఎట్లయినది? యూల్, బర్నెల్ పండితులు 1886లో ప్రకటించిన “హాబ్సన్-జాబ్సన్” నిఘంటువున దీనిని చర్చించిరి. కన్నడపు “ఉక్కు”ను ఎవరో “వూక్” అని వ్రాయగా, వ్రాతలోనో చదువుటలోనో తుది యక్షరము తారుమారై యుండునని వారి యూహ. మొదటి వకారము తప్పుగాదు. పల్లెలలో మనవారును అట్లే పలుకుదురు. ఉక్కు తెనుగునకును కన్నడమునకును ఉమ్మడి సొత్తు గనుక తగవు అనవసరము. అరవమున దీనిని “ఉరుక్కు” అందురు. కరగించుట యను భావము అందు స్పష్టముగా నున్నది.

పనితనమునకు సాక్ష్యము మన తెలంగాణముననే కలదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమునకు వెళ్లిన వాయిసీ అను ఆంగ్లేయుడు అచటి పద్ధతిని వివరముగా వ్రాసెను. ఆయన 1824లో మరణించిన పిదప, 1832లో అది అచ్చయినది. రెండు తావుల ఇనుమును పాళ్లు చూచి కలిపి, మట్టిమూసలలో నుంచి, పైన బంకమట్టి మెత్తి, తిత్తులతో కొలిమిని రాజవేసెడివారు. ఇనుము బొగ్గుసారమును పీల్చుకొని కరగి, మెల్లగా చల్లారి ముద్దకట్టెడిది. కొనుటకు ఇస్ఫహాను నుండి పారసీక వర్తకులు వచ్చెడివారు. స్వదేశమున అట్టి ఉక్కును చేయజూచి విఫలులైతిమని వారే వాయిసీతో చెప్పిరట! డమాస్కసు కత్తులని లోకము పొగడిన వానికి ముడిసరకు ఇట్టి ఉక్కే. లండనులో ఫరడే మహాశయుడు సైతము 1820 ప్రాంతమున దీనిపై ప్రయోగములు చేసెను.

విదేశపు యంత్రముల ఉక్కు చౌకగా దిగుటతో ఆ కొలుములు ఆరిపోయినవి. బెంగుళూరు, ఎక్సెటరు పండితులు కలిసి 2010లో ఉత్తర తెలంగాణమున గ్రామగ్రామము తిరిగి, మూసల పెంకులను, చిట్టెపు గుట్టలను గుర్తించి లెక్కకెక్కించిరి.