గ్రంథాలయోద్యోగులు ప్రోగ్రాము రచన నేర్చుట

(భిలాయిలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున ఒక గ్రంథాలయోద్యోగి చేసిన ప్రసంగ పాఠము)



రైలు బండ్లు నడిపెడివారి సభలో, ఉత్తరములు చేరవేసెడివారి సభలో ఒక లైబ్రేరియన్‌కు పనియేమి అని మీలో కొందరు అనుకొనుచుందురు. ఈ సమావేశమును ఏర్పాటు చేసిన మిత్రులు నన్ను ఒక్క విషయమే చెప్పుమన్నారు. గ్రంథాలయాలలో పనిచేయువారము కొందరము, నడివయస్సు దాటిన తరువాత, ఒక చోట కూర్చుండి కంప్యూటరుకు ప్రోగ్రాము వ్రాయుట నేర్చుకొనుచున్నాము. ఆ విద్య ఎట్టిదో, అది ఉద్యోగికి మేలు చేయునో కీడు చేయునో చెప్పవలెనని వారి కోరిక.

కొత్త విద్యకు భిలాయి కొత్త కాదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందము జరిగినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. ఈ నాలుగేండ్లలో ఇక్కడికి చేరిన వేలాది మందిలో ఇనుము కరుగుట ఎన్నడును చూడనివారే ఎక్కువ. రాయపూరు–విజయనగరం రైలుమార్గము 1931 నాటికే ఉన్నది కనుక మన ఉత్తరాంధ్ర వారికి ఈ దారి తెలిసినదే. నాగలి పట్టిన చేతులు ఇక్కడ క్రేను మీటలు పట్టినవి. నలుబదియైదేండ్లు దాటినవానికి కొత్త విద్య వంటబట్టదు అనెడివారితో ఈ ఊరిలో వాదింపనక్కరలేదు, కర్మాగారము గోడ చూపించిన చాలును.

ప్రోగ్రాము అనగానే మనవారు బెదరుదురు. నా మాట వినుడు, మీలో సగము మందికి ఆ విద్య ముందే తెలియును, పేరు మాత్రము తెలియదు. స్టేషను క్యాబిన్‌లో లివర్ ఫ్రేము మీద పనిచేసిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. పాయింట్లు సరిగా అమరి, లాకు పడినగాని సిగ్నలు మీట కదలదు. ఎదురు మార్గమునకు సిగ్నలు ఇచ్చియున్నచో ఈ మీట అసలే కదలదు. "ఇది అయి యుండి, అది కాక యున్నచో మాత్రమే, దీనిని చేయుము" అను నియమమును ఇనుప కడ్డీలతో వ్రాసినారు. ప్రోగ్రాములో అదే నియమమును అక్షరములతో వ్రాయుదుము. ఇక ఆర్.ఎం.ఎస్. సార్టర్ల సంగతి. పిన్‌కోడ్‌ను 1972 ఆగస్టు 15న శ్రీరాం భికాజీ వేలంకర్ రూపొందించి ప్రవేశపెట్టినారు. ఆరంకెలలో మొదటి అంకె ప్రాంతమును, తరువాతివి క్రమముగా చిన్న చిన్న భాగములను చూపును. 4తో మొదలైన మన భిలాయి ఉత్తరము ఒక గూటిలోనికి, 5తో మొదలైన ఆంధ్రపు ఉత్తరము మరియొక గూటిలోనికి పోవును. ఒక్కొక్క అంకెనే చూచుచు గూళ్లలో పంచుకొనుచు పోవు ఈ పద్ధతిని కంప్యూటరు శాస్త్ర గ్రంథాలలో ప్రత్యేక అధ్యాయముగా బోధించెదరు. కదలు బండిలో, దీపపు వెలుతురులో మీరు దానిని చేతితో చేసినారు.

మా వృత్తి కూడ అట్టిదే. ఎస్.ఆర్. రంగనాథన్ గణితోపాధ్యాయుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయమున లైబ్రేరియన్ అయినారు. 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణలో ఆయన విషయమును ముక్కలుగా విడదీసి, చిహ్నములతో మరల కూర్చినారు. పని ముక్కలుగా విడదీయుటయే ప్రోగ్రాము రచనలో సగము పాలు. కంప్యూటర్లు రాకముందే ఆ అలవాటు మాకు అబ్బియున్నది.

మేము మొదట పట్టిన పని చాలా చిన్నది: గడువు దాటినను పుస్తకము తిరిగి ఇవ్వని సభ్యుల పట్టిక. చేతితో చేసినచో ఒక పూట పట్టును. ప్రోగ్రామునకు చెప్పవలసినది ఇంతే: రిజిస్టరులో ప్రతి వరుసను చదువుము, తిరిగి వచ్చిన తేదీ గడి ఖాళీగా ఉండి, గడువు తేదీ నేటికంటె ముందుదైనచో ఆ పేరు వ్రాయుము. వ్రాసితిమి. నడిచినది. వచ్చిన పట్టిక మాత్రము తప్పు! జనవరిలో గడువు తీరినవారు లేరు, నవంబరులో గడువు తీరబోవువారు ఉన్నారు. కారణము వెదకగా రెండు ఆదివారములు గడచినవి. మన అలవాటు ప్రకారము తేదీని రోజు, నెల, సంవత్సరము అను క్రమములో వ్రాసియుంటిమి. యంత్రము దానిని తేదీగా గాక వట్టి అక్షరముల వరుసగా చదివినది. 05–11–2023లో మొదటి అక్షరము సున్న, 20–01–2023లో మొదటి అక్షరము రెండు. కావున నవంబరు ముందు, జనవరి తరువాత అని నిర్ణయించినది. సంవత్సరము, నెల, రోజు అను క్రమములో వ్రాసిన చిక్కు వీడును. ఆ క్రమమునకు అంతర్జాతీయ ప్రమాణము కూడ కలదు. పోస్టాఫీసు కౌంటరులో తేదీ ముద్ర వేసెడివారికి ఈ సంగతి వెంటనే అర్థమగును, తేదీ తప్పినచో కాగితమునకు విలువ లేదు గదా.

సున్న మరొక చోట కూడ ఏడిపించినది. పుస్తకములకు 00417 వంటి వరుస సంఖ్యలు వేయుదుము. లెక్కల పట్టికలో వ్రాయగానే యంత్రము ముందున్న సున్నలను మింగివేసి 417 అనును. సున్నతో మొదలగు ప్రత్యేక రైళ్ల నంబర్లు వ్రాసెడి గుమాస్తాలకు ఈ బాధ తెలిసియుండును. అది లెక్కించు సంఖ్య కాదు, పేరు వంటిది అని యంత్రమునకు ముందే చెప్పవలెను.

ఇవి ఏ భాషవారికైన వచ్చు చిక్కులే. తెలుగువారికి ప్రత్యేకముగ వచ్చునవి వేరే ఉన్నవి. నన్నడిగిన అసలు రుచి అక్కడనే ఉన్నది. "శ్రీశ్రీ" అను పేరులో ఎన్ని అక్షరములు? బడిపిల్లవాడు రెండు అనును. యంత్రము ఎనిమిది అనును! యూనికోడ్ సంకేత పద్ధతిలో "శ్రీ" ఒకటి కాదు. శకారము, పొల్లు, రకారము, ఈత్వపు గుర్తు, వెరసి నాలుగు. యంత్రము అబద్ధమాడలేదు, మనము ఒకటి అడుగగా అది మరియొకటి లెక్కించినది. ఇక అకారాది క్రమము. మన వర్ణమాలలో హకారము తరువాత ళ, క్ష, ఱ వచ్చునని నేర్చినాము. యూనికోడ్ వరుసలో ఱ రకారము ప్రక్కన, ళ లకారము ప్రక్కన కూర్చున్నవి. క్ష ప్రత్యేకాక్షరమే కాదు, అది కకారము క్రింద పోవును. కాబట్టి యంత్రము పేర్చిన పట్టికలో "క్షేత్రయ్య పదములు" ఎక్కడ దొరకునో, కార్డు పెట్టెలో వెదుకుటకు అలవాటుపడిన పాఠకునికి తెలియదు. ఏ క్రమము మంచిది? నా మట్టుకు నేను పాఠకుడు వెదకు క్రమమే మంచిదందును. మాలో ఒక సోదరి, నేటి పిల్లలకు వర్ణమాల చివరి వరుస జ్ఞాపకము లేదు, యంత్రపు క్రమమే ఉండనిండు అన్నది. ఈ తగవు ఇంకను తీరలేదు. ఒక్కటి మాత్రము తేలినది. క్రమమును నిర్ణయించవలసినది గ్రంథాలయమే. ప్రోగ్రాము తెలియనినాడు ఆ నిర్ణయము ఎవరో అమ్మకందారు చేసి పెట్టును, జరిగినట్లు కూడ మనకు తెలియదు.

పేర్ల చిక్కు ఇంతకంటె పెద్దది. సి. నారాయణరెడ్డి, సింగిరెడ్డి నారాయణరెడ్డి, సినారె. ముగ్గురా, ఒక్కరా? ఇంగ్లీషు లిపిలో వ్రాసిన పాత జాబితాలలో ఒక్క పేరుకే నాలుగైదు వర్ణక్రమములు ఉన్నవి. ఇట్టివానిని పోల్చి ఒక్కచోట చేర్చు పనిలో యంత్రము అనుమానములను మాత్రమే చూపగలదు. తీర్పు చెప్పవలసినది పుస్తకమును ఎరిగిన మనిషి.

కలిసి నేర్చుకొనుట వలన ఏమి లాభము? ఒంటరిగా కూర్చున్నవానికి తెరమీద ఎర్రని తప్పుల సందేశము కనబడగానే అది తన తెలివితక్కువకు తీర్పు అనిపించును. ప్రక్కవానికి కూడ అదే వచ్చినదని తెలిసినచో అది వట్టి సందేశమే యగును. ఇది మా కనుగోలు కాదు. 2012లో అమెరికాలో ఒక సంస్థ వారము వారము ప్రోగ్రాము పాఠములు ఉచితముగ పంపుట ప్రారంభింపగా, అక్కడి లైబ్రేరియన్లు తమలో తాము జట్టు కట్టి ఆ పాఠములు చదివినారు. 2015లో లండనులో "లైబ్రరీ కార్పెంట్రీ" అను పేర గ్రంథాలయోద్యోగులకు తరగతులు మొదలైనవి. ఆ బోధనోద్యమములో ఒక ఆచారమున్నది, రైల్వేవారికి నచ్చును. ప్రతి విద్యార్థికి రెండు రంగుల చీటీలు ఇత్తురు. పని సాగుచున్నచో ఒక రంగు, ఆగిపోయినచో మరొక రంగు చీటీని యంత్రముపై అంటింపవలెను. నోరు తెరచి "నాకు రాలేదు" అనవలసిన పని లేదు. మేము ఆకుపచ్చ, ఎరుపు ఎంచుకొన్నాము. ఎరుపు చూచిన ప్రక్కవాడు లేచి పోయి సహాయము చేయవలెను. ఒక్క నియమము, ఎదుటివాని కీబోర్డును తాకరాదు, నోటితోనే చెప్పవలెను.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తును. లైబ్రేరియన్‌కు ఇదంతయు ఎందుకు? న్యూజిలాండులో హోరోవెనువా అను ప్రాంతపు గ్రంథాలయ ట్రస్టు ఉన్నది. 2000 సంవత్సరము వచ్చుసరికి వారి పాత కంప్యూటరు పద్ధతి పనికిరాకుండ పోవు స్థితి. కొత్తది కొనుటకు ధనము చాలదు. 1999లో కటిపో అను స్థానిక సంస్థచేత తమకు కావలసినది తామే వ్రాయించుకొన్నారు, 2000 జనవరిలో అది పని ప్రారంభించినది. దాని పేరు కోహా. మావోరీ భాషలో కానుక అని అర్థము. పేరుకు తగినట్లు దానిని ఎవరైన వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును అని లోకమునకు విడిచిపెట్టినారు. నేడు మన దేశములో కూడ అనేక గ్రంథాలయాలు దానితో నడుచుచున్నవి. 2011లో ఒక అమెరికన్ సంస్థ ఆ పేరునే న్యూజిలాండులో తన వ్యాపార చిహ్నముగ నమోదు చేసికొనబోగా ట్రస్టు ఎదిరించినది. 2013లో తీర్పు ట్రస్టు పక్షమున వచ్చినది. కానుకగా ఇచ్చినదానిని కూడ కాపాడుకొనవలసి వచ్చినది, చూడుడు.

దీనికి ఎదురు ఉదాహరణము నేను కన్నులార చూచినాను. పేరు చెప్పను. ఒక విద్యాసంస్థ గ్రంథాలయములో ప్రయివేటు అమ్మకందారు ప్రోగ్రాము పెట్టినాడు. వార్షిక నిర్వహణ సొమ్ము చెల్లింపు ఆగినది. ఇరువది ఏండ్లు ఉద్యోగులు చేతులు నొప్పి పెట్ట ఎక్కించిన పుస్తకాల వివరములు యంత్రములోనే ఉన్నవి, బయటికి తీయుటకు తాళము లేదు. చివరకు పాత రిజిస్టర్లు దుమ్ము దులిపి మొదటినుండి ఎక్కించవలసి వచ్చినది. ఆ పనికి కాంట్రాక్టుపై పిల్లలను పెట్టినారు. లైబ్రేరియన్ పదవీ విరమణ చేసిన తరువాత ఆ పోస్టు భర్తీ కాలేదు.

ఇక్కడ మీరు అడుగుదురు: యంత్రము వచ్చి పోస్టు తినివేసినది, ఆ యంత్రవిద్యనే నేర్చుకొమ్మందువా? అడుగవలసిన ప్రశ్నయే. 1960ల చివర కలకత్తాలో జీవిత బీమా ఉద్యోగులు ఇలాకో హౌస్ భవనమునకు కంప్యూటరు రాకుండ కావలి కాసినారు. ఆ పోరాటమును ఎగతాళి చేయుట నేడు ఫ్యాషన్ అయినది. నేను చేయను. యంత్రము మిగిల్చిన శ్రమ ఎవరి ఖాతాలో పడునని వారు అడిగినారు, ఆ లెక్క నేటికిని ఎవరును చూపలేదు. అయితే 1985లో ఢిల్లీలో రైల్వే రిజర్వేషనుకు కంప్యూటరు వచ్చినది, తరువాత అన్ని చోట్లకు వచ్చినది. వచ్చినదానిని ఎవరు వ్రాసినారు, ఎవరు మార్చగలరు అనునది మన ప్రశ్న కావలెను. తపాలావారికి నేను చెప్పనక్కరలేదు. కౌంటర్లలో ఏండ్ల తరబడి నడచిన మేఘదూత్ ప్రోగ్రామును మైసూరు తపాలా శిక్షణ కేంద్రములో శాఖవారే తయారుచేసినారు. తరువాత పెద్ద కంపెనీల పద్ధతులు వచ్చినవి. 2025లో దేశమంతట ప్రవేశపెట్టిన కొత్త పద్ధతిని మరల మైసూరులోని శాఖాకేంద్రమే రూపొందించినది. తమ పనికి కావలసిన పరికరమును తపాలా ఉద్యోగి తయారుచేయలేడు అను మాట చెల్లదని రెండుసార్లు రుజువైనది.

కాని హెచ్చరిక ఒకటి. విద్య నేర్చిన ఉద్యోగిని చూచిన అధికారికి మొదట తోచునది, ఇక కంప్యూటరు మనిషి అక్కరలేదు అని. లైబ్రేరియన్ పనికి తోడు ఈ పని కూడ ఉచితముగ మీద పడును. కావున నేర్చుకొనుట మన ఇష్టమైనను, ఆ విద్యతో ఆఫీసు పని చేయించునప్పుడు అది డ్యూటీ గంటలలోనే జరుగవలెను, శిక్షణకాలము డ్యూటీగా లెక్కింపబడవలెను, ఖాళీ పోస్టు ఖాళీగానే చూపబడవలెను. కొనుగోలు ఒప్పందములో సమాచారమంతయు ఎప్పుడైన, రుసుము లేకుండ, మామూలు పట్టిక రూపములో బయటికి తీసికొను హక్కు వ్రాయించవలెను. ఈ చివరి వాక్యము సంఘపు కోర్కెల పత్రములో చేరవలెనని నా మనవి. గ్రంథాలయమునకే కాదు, మీ సర్వీసు రికార్డులకు, భవిష్యనిధి ఖాతాలకు కూడ వర్తించును.

మేము ఇప్పుడు పట్టిన పని ఈ చుట్టుప్రక్కల రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో, తెలుగు సంఘాలలో, ఇండ్ల అటకలపైన ఉన్న తెలుగు పుస్తకాలకు ఒకే జాబితా తయారుచేయుట. చరోడా రైల్వే కాలనీ నుండి సెక్టార్ల వరకు ఎవరి వద్ద పాత రిజిస్టరు ఉన్నను మాకు తెలుపుడు. రిజిస్టరు ఇవ్వనక్కరలేదు, పేజీలకు ఫోటోలు తీసి పంపిన చాలును. అయితే ముందున్న సున్నలతో సహా వరుస సంఖ్య, కుడివైపు చివరనుండు తేదీ గడి, రెండును ఫోటోలో పడవలెను.