పది రూపాయల హుండీ: మనమెందుకు ఇయ్యాల?

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



అజెండాలో హుండీ అంశం మీద నన్ను మాట్లాడమన్నారు. ఒక్కో సభ్యురాలు నెలకు పది రూపాయలు వేసి, ఊర్లో ఒంటరిగా ఉన్న ముసలోళ్ళకు, తల్లీతండ్రీ లేని పిల్లలకు అవసరమైనప్పుడు ఇయ్యాలని తీర్మానం. గ్రామైక్య సంఘాల మీటింగుల్లో దీన్ని చదివినప్పుడు ఎక్కువమంది ఒకే మాట అడిగినారు. "మనమే కరువోళ్ళం, మనం ఎవరికి ఇస్తాం? ఏదన్నా ఫారిన్ సంస్థను అడిగితే సరిపోతుంది కదా?" అని. అది అడగాల్సిన మాటే. మన జిల్లాలో అలా అడగడానికి కారణం కూడా ఉంది.

ఫాదర్ ఫెర్రర్ పేరు తెలియని ఇల్లు మన దగ్గర లేదు. స్పెయిన్ దేశంలో బార్సిలోనాలో 1920లో పుట్టినాడు. 1952లో ఇండియాకు వచ్చి మహారాష్ట్రలో రైతుల దగ్గర పనిచేసినాడు. అక్కడి నుంచి 1968లో వెళ్ళగొట్టినారు. 1969లో అనంతపురం చేరి ఆర్డీటీ పెట్టినాడు. 2009లో ఇక్కడే కన్నుమూసినాడు, బత్తలపల్లిలో సమాధి ఉంది. బత్తలపల్లి ఆస్పత్రిలో కాన్పు అయినవాళ్ళు ఈ సభలోనే ఎంతమంది ఉన్నారో చేతులెత్తమంటే తెలుస్తుంది.

అయితే ఆ డబ్బు ఎవరిది? చాలామంది అనుకునేది, అక్కడ ఎవరో కోటీశ్వరులు మూటలు పంపుతారని. అట్లా కాదు. స్పెయిన్‌లో లక్షమందికి పైగా మామూలు మనుషులు నెలనెలా కొంత కొంత ఇస్తారు. మన పిల్లలు బొమ్మ వేసి, రెండు మాటలు రాసి పంపే జాబులు పోయేది వాళ్ళకే. ఫెర్రర్ యువకుడిగా ఉన్నప్పుడు ఆ దేశంలో 1936 నుంచి 1939 దాకా అంతర్యుద్ధం జరిగింది. తర్వాత చాన్నాళ్ళు తిండికి కటకటలాడినారు. అంటే వాళ్ళూ కరువు చూసినోళ్ళే. నెలకు ఇంతని పక్కన పెట్టి ఇచ్చే పని మన పొదుపు లాంటిదే. పాస్‌బుక్కులో పడకుండా వేరే దేశంలో పడుతుంది, అంతే తేడా.

ఇంకా చిన్నవి ఉన్నాయి. ఇంగ్లాండు లాంటి దేశాల్లో ఒక చర్చికి వచ్చే వాళ్ళు ఓ ఇరవై ముప్పై మంది కలిసి చిన్న ట్రస్టు పెట్టుకుంటారు. టీ అమ్మి, పాత బట్టలు అమ్మి డబ్బు పోగుచేసి ఆఫ్రికాలో ఉగాండాకో, కెన్యాకో, మలావికో పంపుతారు. ఒక ఊర్లో చర్చికి రేకుల కప్పు, ఇంకో ఊర్లో బడికి బెంచీలు, ఇంకో చోట చేతిపంపు. మంచి మనసుతో చేసే పనే. కానీ చేతిపంపు చెడిపోతే బాగుచేసే వాడెవడు? 2009లో ఆఫ్రికా దేశాల లెక్కలు కలిపి చూస్తే, వేసిన చేతిపంపుల్లో సుమారు మూడో వంతు పనిచేయడం లేదని తేలింది. ఇచ్చినోళ్ళు దూరంలో ఉంటారు. తీసుకున్నోళ్ళు "అది వాళ్ళ పంపు" అంటారు. మనకు ఇది కొత్త కాదు. ఎవరో వేయించిన బోరుకు మోటరు కాలిపోతే మన ఊర్లలో ఎన్ని నెలలు అట్లే పడి ఉంటుందో మీకు తెలుసు.

ఇప్పుడు ఇంకో సంగతి చెప్తా, ఇది నాకు బాగా నచ్చింది. పొదుపు సంఘాలు ఎట్లా పుట్టినాయో శిక్షణల్లో విన్నారు కదా. బెంగళూరు కేంద్రంగా ఉన్న మైరాడ సంస్థ 1980ల్లో పెట్టిన పెద్ద సొసైటీలు తగాదాలతో విడిపోతుంటే, సభ్యులే చిన్న చిన్న గుంపులుగా కూర్చుని, "అప్పు మా గుంపుకే కడతాం" అన్నారు. మన కదిరి వైపు కూడా మైరాడ పనిచేసింది. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. దక్షిణ భారతంలో పుట్టిన ఈ పద్ధతిని చూసి 2002లో ఇథియోపియాలో నజరేత్ అనే ఊర్లో అక్కడి చర్చి ఒకటి, ఇంగ్లాండు క్రైస్తవ సంస్థ టియర్‌ఫండ్ కలిసి అయిదు సంఘాలు పెట్టించినాయి. అంతా కలిపి ఓ వందమంది. ఇప్పుడక్కడ వేల సంఘాలు ఉండాయి.

ఆ సంస్థ సంఘాలకు ఒక్క రూపాయి గ్రాంటు ఇయ్యలేదు. వచ్చి కూర్చుని నేర్పే మనిషికి జీతం మాత్రమే ఇచ్చింది. ఆడోళ్ళు వారం వారం తమ దగ్గరున్న చిల్లరే వేసుకున్నారు. మొదట్లో కొందరికి కోపం వచ్చి ఉంటుంది, మనకైనా రాదా? దూరం నుంచి వచ్చి డబ్బు ఇయ్యకపోతే ఇంకెందుకు వచ్చినట్టు అంటాం. కానీ ఆ డబ్బు వాళ్ళది కాబట్టే వాళ్ళు లెక్క అడిగినారు. అడిగినారు కాబట్టే నిలబడినాయి అని నా అభిప్రాయం. మన దగ్గర కూడా చూడండి, ఎవరో ఇచ్చిన రివాల్వింగ్ ఫండు తిరిగి కట్టమంటే ముఖం తిప్పుకునే అక్కలే, సొంత పొదుపులో పది రూపాయలు తేడా వస్తే బుక్ కీపరును రాత్రి దాకా కూర్చోబెడతారు.

ఇంక "ఫారిన్ సంస్థను అడుగుదాం" అనే మాటకు వస్తా. చట్టం ఒప్పుకోదు. విదేశీ డబ్బు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద కేంద్ర ప్రభుత్వం రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండాలి. ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే ఆ డబ్బు పడాలి. 2020లో చట్టం మార్చినప్పటి నుంచి, ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇయ్యడానికి లేదు. ముందు పెద్ద సంస్థ తీసుకుని ఊర్లలో చిన్న వాటికి పంచేది, ఆ దారి మూసుకుపోయింది. మన సమాఖ్యకు ఆ రిజిస్ట్రేషన్ లేదు. కాబట్టి ఎవరన్నా ఊర్లోకి వచ్చి "ఫారిన్ ట్రస్టు నుంచి ఒక్కొక్కరికి లక్ష వస్తుంది, ముందు రెండు వేలు ఫీజు కట్టి ఆధార్ జిరాక్సు ఇయ్యండి" అంటే, ఇయ్యొద్దు. వీఓఏకి ఫోన్ చేయండి. నిజమైన దాత ఎవరూ తీసుకునేవాళ్ళ దగ్గర ఫీజు అడగరు.

ఆర్డీటీ వాళ్ళు కూడా ఇక్కడి కుటుంబాల ఇళ్ళల్లో హుండీలు పెట్టించి, ఇక్కడి డబ్బు ఇక్కడి వాళ్ళకే అనే పని చేసినారు. బయటి డబ్బు ఎల్లకాలం ఉండదని అంత పెద్ద సంస్థే అనుకుంటే మనం అనుకోకూడదా?

ఒక అక్క అడిగింది, "ఇదేమన్నా చర్చి వాళ్ళదా?" అని. కాదు. గుడిదీ కాదు, మసీదుదీ కాదు. ఊరిది. ఎవరి ఇంట్లో కష్టం ఉంటే వాళ్ళకి, కులం మతం అడగం.

ఇంకో అక్క అడిగింది, "ముసలోళ్ళకు నెలకు 4,000 పింఛను వస్తుంది కదా" అని. నిజమే. ఒకటో తేదీ వస్తుంది. ఇరవయ్యో తేదీ రాత్రి జ్వరం వస్తే? కొడుకూ కోడలూ బెంగళూరులో కట్టడాల పనికి పోయి ఉంటారు. ఆటో వాడు రాత్రి పూట అడిగినంత ఇయ్యాల. వానలు లేక శనక్కాయ పోయిన ఏడు ఇట్లాంటి ఇళ్ళు ఒక్కో వీధిలో ఎన్ని ఉంటాయో లెక్కపెట్టుకోండి. ఆ ఆటో డబ్బు కోసమే ఈ హుండీ. అప్పు కాదు, వడ్డీ లేదు, తిరిగి కట్టేది లేదు.

లెక్క చిన్నదే. పదిమంది ఉన్న సంఘం నెలకు వంద, ఏడాదికి 1,200. ఇరవై సంఘాలున్న గ్రామైక్య సంఘంలో ఏడాదికి 24,000. వలస పోయిన నెల ఇయ్యలేకపోతే జరిమానా లేదు.

డబ్బు ఎవరి దగ్గర ఉండాలనేదే అసలు తగాదా అయితుంది. దానికి ఆఫ్రికా ఆడోళ్ళ దగ్గర ఉన్న పద్ధతి పెట్టినాం. 1991లో నైజర్ దేశంలో కేర్ సంస్థ సాయంతో మొదలై పక్క దేశాలకు పాకిన పొదుపు గుంపుల్లో, ఇనప పెట్టెకు మూడు తాళాలు వేస్తారు. మూడు తాళం చెవులు ముగ్గురు ఆడోళ్ళ దగ్గర. పెట్టె నాలుగో మనిషి ఇంట్లో. అందరూ కూర్చుంటేనే తెరుచుకుంటుంది. మన దగ్గర కూడా అట్లే. లీడర్ల దగ్గర తాళం చెవి ఉండకూడదని తీర్మానంలో రాసినాం, నాతో సహా. రాత్రి పూట అవసరానికి మాత్రం 1,000 రూపాయలు వీఓఏ దగ్గర విడిగా ఉంటుంది, వారంలో రసీదు చూపించాల. ఎవరికి ఎంత ఇచ్చిందీ సంఘం ఆఫీసు గోడ మీద రాస్తాం. పేరు రాయం, వీధి, అవసరం, మొత్తం రాస్తాం. సాయం తీసుకున్న మనిషిని నలుగురిలో నిలబెట్టకూడదు కదా.

భోజనాలు అయినాక తీర్మానం ఇంకోసారి చదువుతారు. ఒప్పుకున్న సంఘాల లీడర్లు మినిట్స్ బుక్కులో సంతకం చేయండి. మీ సంఘంలో మాట్లాడుకోకుండా వచ్చినోళ్ళు ఈరోజు పెట్టొద్దు, వచ్చే నెల మీటింగు దాకా టైము ఉంది. వద్దు అనుకున్న సంఘం కూడా వద్దు అని రాయండి. లింకేజీకి, స్త్రీనిధికి దీనితో ఏ సంబంధమూ లేదు. పెట్టెలు ఇరవై ఇప్పటికే చేయించినాం, తాళాలు మాత్రం మీ ఊర్లోనే కొనుక్కోవాల.